మధురపూడి నుంచి గంటా పది నిమిషాలు

గంటా పది నిమిషాలు అని చెప్పింది. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. రాజమండ్రిలో పన్నెండు పదికి బయలుదేరి శంషాబాద్‌లో ఒకటి ఇరవైకి దిగుతుందని టిక్కెట్టు మీద అచ్చయి ఉంది. ఇజాజ్ అడిగిందీ అదే. "ఖాలా, ఫ్లైట్ ఎంతసేపు?" అన్నాడు. తెల్లవారుజామున తల్లిని పోగొట్టుకున్నవాడు, అయినా గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో సరుకు పంపించే బల్ల దగ్గర కూర్చుని లారీ సంగతి కనుక్కునేటప్పటిలాగే క్లుప్తంగా అడిగాడు. ఆమె అంతకన్నా క్లుప్తంగా జవాబిచ్చింది. "ఠీక్ హై ఖాలా, మస్జిదుల చెప్త," అని అతను ఫోన్ పెట్టేశాడు. తరువాత తలుపు మూశారు, ఫోన్లు ఆపమన్నారు, మధురపూడి రన్‌వే అంచున ఎండకు పాలిపోయిన గడ్డి వెనక్కి వెనక్కి పోయింది, చక్రాలు నేలను వదిలాయి. వదిలిన ఆ క్షణాన, ఎవరితోనూ ఏ మాటా చెప్పడానికి వీలులేని ఆ మొదటి క్షణాన, నాగవల్లికి తట్టింది. అతను అడిగింది విమానం గురించి. అతనికి కావలసింది ఆమె గురించి.

ఒకటి ఇరవైకి చక్రాలు నేలను తాకితే అది చేరడం కాదు. విమానం తన చోటికి పాక్కుంటూ వెళ్లడానికి పది నిమిషాలు, తలుపు తెరవడానికి, మెట్లు దిగడానికి, డెబ్బై రెండేళ్ల మోకాళ్లతో ఆ పొడుగాటి నడవాలన్నీ దాటడానికి ఇరవై. కారు దొరికాక డెబ్బై కిలోమీటర్లు: రింగురోడ్డు మీద ముత్తంగి దాకా ఫరవాలేదు, అక్కడినుంచి సంగారెడ్డి దాకా రోడ్డు సగం తవ్వి ఉంది, కంటైనర్లు, ఫ్యాక్టరీ బస్సులు, పోతిరెడ్డిపల్లిలో ఇంటి గేటు ముందు ఆగేసరికి ఎంత లేదన్నా మూడుంబావు. పొద్దున ఆరున్నరకు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఇజాజ్ స్పష్టంగానే చెప్పాడు: "జొహర్ నమాజ్ అయినంక లేపుదామంటుండ్రు పెద్దోళ్లు. నువ్వు ఎప్పుడు వస్తవో చెప్తె గంత దాక ఆపుత." జొహర్, మధ్యాహ్నపు నమాజు, ఒకటిన్నరకు. ఒకటి ఇరవైకి దిగుతుంది కదా అనుకుని, దయగల పిల్లవాడు కనుక ఇంకో అరగంట కలిపి, రెండింటికి జనాజా లేపమని చెప్పి ఉంటాడు. మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ మసీదుకు, మసీదునుంచి ఖబరస్తాన్‌కు తీసుకుపోతారు. ఆడవాళ్లు గేటు దగ్గరే ఆగిపోతారు. అది అక్కడి పద్ధతి. గేటు దాటితే ఇజాజ్ తల్లి అక్తరీ ముఖం ఇక లేదు. నాగవల్లి మూడుంబావుకు వచ్చి, గోడ అవతలి ఇంట్లో, ఖాళీ మంచం పక్కన, కడిగిన గచ్చు మీద నిలబడుతుంది. ఆ ముఖంతో చెప్పవలసిన మాటొకటి ముప్ఫై మూడేళ్లుగా ఆమె దగ్గర ఉండిపోయింది.

కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో పటం చూస్తోంది. శ్రావ్య అని పేరు కూర్చునేటప్పుడే చెప్పింది, పటాన్‌చెరు దగ్గరి రామచంద్రాపురంలో ఏదో కంప్యూటరు ఉద్యోగం. నాగవల్లి కళ్లు మూసి తెరవడం, చేతి గడియారం వంక చూడడం, మళ్లీ మూయడం గమనించినట్టుంది.

"మొదటిసారా ఆంటీ, ఫ్లైట్? భయమేస్తుందా?"

"లేదమ్మా. ఎంత దూరం వచ్చామో చూస్తున్నాను."

"మొత్తమే మూడు వందల అరవై కిలోమీటర్లు. గాలిలో ఉండేది యాభై నిమిషాలే, తెలుసా? గంటా పది అని ఊరికే రాస్తారు. లేటయిందని మనం తిట్టకుండా ముందే కలిపేసుకుంటారు." నవ్వింది. "మా అమ్మ కూడా అంతే. పది నిమిషాల్లో అన్నం అంటుంది, అప్పటికి బియ్యం కడగను కూడా కడగదు."

మూడు వందల అరవై. నాగవల్లి కూడా మనసులో కట్టుకున్న లెక్క అదే. రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, విమానం ముక్కు సూటిగా పడమటికి పెట్టుకుని పోతుంది, కింద గోదావరి మలుపులు తిరుగుతున్నా, అడవి అడ్డం వచ్చినా దానికి పట్టదు. నిన్న ఈ సమయానికి ఆ నది ఒడ్డున అన్నగారి సహస్ర చంద్ర దర్శనం. వెయ్యి పున్నములు చూసినవాడికి అక్షతలు వేసి, మేనకోడళ్ల మధ్య కూర్చుని పులిహోర తింది. వెళ్లే ముందు అక్తరీ అన్న మాట: "పో ఆపా, నాలుగు దినాల్ల నాకేమైతది? మీ అన్నకు నా సలామ్ చెప్పు. ఎనభై ఏండ్లు ఎట్ల బతికిండో అడిగి రా, నాక్కూడ చెప్దువు." సలామ్ చెప్పింది. ఎలా బతికావని అడగలేదు. వెళ్లకుండా ఉంటే? వెళ్లకుండా ఉంటే ఈ ఉదయం రెండిళ్ల మధ్య గోడ మీదుగానే పిలుపు వినబడేది. కానీ ఇదొక కారణం కాదు, యాదృచ్ఛికం. కారణాన్నీ యాదృచ్ఛికాన్నీ వేరు చేయడం ఆమెకు విశ్వవిద్యాలయంలో నేర్పిన మొదటి పాఠం, జీవితంలో ఎంత ప్రయత్నించినా పూర్తిగా ఉపయోగించలేకపోయిన పాఠం. ఒక మనిషి చనిపోతే మూత్రపిండాలు పనిచేయక అని రాస్తారు. అవి ఎందుకు పనిచేయలేదో రాయడానికి ఆ కాగితంలో గడి ఉండదు.

కింద ఆకుపచ్చ తగ్గింది. అడవి ముదురుగా, ముడతలుగా పరుచుకుంది. పటాన్‌చెరుకు ఆమె వచ్చిన ఏడాది పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. ఆంధ్రా యూనివర్సిటీ రసాయనశాస్త్రం పట్టా, ఇనుప ట్రంకుపెట్టె, మందుల కంపెనీ పరీక్షశాలలో ఉద్యోగం. ఆడపిల్ల ఒంటరిగా ఫ్యాక్టరీలోనా అని ఊళ్లో అన్నవాళ్లే, ప్రభుత్వ కర్మాగారాల్లో పనికి అక్కడికి చేరిన బంధువుల ఇంట్లో దిగుతుందని తెలిసి ఊరుకున్నారు. ఆమె దిగలేదు. కిరాయికి గది తీసుకుంది. ఆ గదికి పాలు పోసింది అక్తరీ బేగం. కర్దనూర్ అవతల వాగు ఒడ్డున రెండెకరాలు, ఒక బావి, నాలుగు బర్రెలు. భర్త సాదుల్లా సైకిలు తొక్కితే వెనక కూర్చుని ఆమె పాలు కొలిచేది, కొలిచేటప్పుడు నురగ తగ్గేదాకా ఆగమని నాగవల్లి పట్టుబడితే నవ్వేది. "నురగ కూడ పాలే ఆపా. దాన్ని వదిలేస్తె పాపం అది యాడికి పోతది?" వయసులో రెండేళ్లే చిన్న, అయినా మొదటి రోజు నుంచీ అక్కా అన్నట్టు ఆపా అనే పిలిచింది, ఆమె ఆపా గనుక పిల్లలకు ఖాలా అయింది, తల్లికి తోడబుట్టినదయింది. పెళ్లి చేసుకోని మనిషికి చుట్టరికం అలా పాలతోపాటు వచ్చి చేరింది.

అక్కడే ఆగవచ్చు. యాభై నిమిషాలలో ఎన్ని గడిచాయి? ఇరవై. అక్కడ ఆగితే మంచి జ్ఞాపకమే. కానీ మనసు విమానంలాంటిది కాదు, ముక్కు సూటిగా పోదు. ఎక్కడ ముల్లుందో అక్కడికి తిరిగి పోతుంది. ఎనభై తొమ్మిది, ఏప్రిల్. వాగు రంగు మారిందని, బావి నీళ్లలో ఏదో మందుల వాసన వస్తోందని, బర్రెలు మూతి పెట్టడం లేదని అక్తరీ చెప్పింది. "జెర సూడు ఆపా, నీ మిషన్ల పెట్టి." తెమ్మంది నాగవల్లి. ఎలా తేవాలో చెప్పలేదు. ఎలా తేవాలో ఆమెకే తెలియదు, ఆమె పరీక్షించేది పొడులు, బిళ్లలు. తెలియనిదాన్ని కనుక్కోవాలని కూడా తోచలేదు. అక్తరీ కడిగి ఆరబెట్టిన హార్లిక్స్ సీసాలో ముప్పాతిక వంతు నింపి, వదులు మూత పెట్టి, మంగళవారం పొద్దున కంపెనీ గేటు దగ్గరికి తెచ్చింది. లోపలికి రానివ్వలేదు. కాపలావాడు సోమయ్య సీసా తీసుకుని తన గది కిటికీలో, ఎండలో పెట్టాడు, మరిచిపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం గుర్తొచ్చి తెచ్చి ఇచ్చాడు. మంగళవారం నుంచి శుక్రవారానికి మూడు రోజులు. గేటు నుంచి పరీక్షశాలకు రెండు వందల గజాలు.

పరీక్షించింది. నిష్ఠగా పరీక్షించింది, అందులో లోపం లేదు: ఆమ్లగుణం, కాఠిన్యం, లవణాలు, తనకు చేతనైనవన్నీ, రెండేసి సార్లు. వాసన చూసింది, వాసన లేదు. ఎలా ఉంటుంది? ఆవిరైపోయే ద్రావకాలు, మూత వదులైన సీసాలో పెట్రోలు పోసినట్టే, మూడు రోజుల ఎండకు ఎప్పుడో వెళ్లిపోయాయి. ఏ వాసన పట్టుకుని అక్తరీ నాలుగు మైళ్లు నడిచి వచ్చిందో ఆ వాసన సోమయ్య గది కిటికీలోంచి గాలిలో కలిసిపోయింది, మిగిలినవి నీళ్లు. సాయంత్రం చెప్పింది: "ఈ సీసాలో నీళ్లలో ప్రమాదకరమైనదేదీ కనబడలేదు అక్తరీ. ఉప్పు కొంచెం ఎక్కువ, అంతే." ప్రతి పదం సరిగ్గా తూచి చెప్పింది. ఈ సీసాలో. కనబడలేదు. అక్తరీ తూకం వేసుకోలేదు, సైకిలు పట్టుకుని నిలబడిన మొగుడి వైపు తిరిగి, "విన్నవా? ఎమ్మెస్సీ సదివిన ఆపా చెప్తున్నది, నీళ్లు మంచిగున్నయంట. నీ బర్రెలకు నీకంటె నఖరాలు ఎక్కువ," అంది. సాదుల్లా సిగ్గుపడుతూ నవ్వాడు. ఆ బావి నీళ్లు ఇంకో రెండేళ్లు తాగారు. ఇజాజ్ తాగాడు, చిన్నది యాస్మిన్ తాగింది, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఆపా చెప్పిందట అని తాగారు. రెండు బర్రెలు చచ్చాక, ప్రభుత్వం ట్యాంకరు పంపడం మొదలుపెట్టాక మానేశారు.

తొంభై రెండులో కంపెనీ ఆమెను పూణేకి వారం రోజుల శిక్షణకు పంపింది. మూడో రోజున ఒక బక్కపలచని అధ్యాపకుడు బల్ల మీద గాజుసీసా పెట్టి, ఇలాంటి నమూనాను అంచుదాకా నింపాలి, గాలికి చోటివ్వకూడదు, మంచులో పెట్టాలి, తీసిన గంటల్లోనే పరీక్షించాలి, లేకపోతే మీరు పరీక్షించేది బావిని కాదు, సీసాను అన్నాడు. నలభై మంది రాసుకున్నారు. నాగవల్లి కూడా రాసుకుంది. చేతి రాత ఎక్కడా వణకలేదు. అదే ఇప్పటికీ ఆమెకు ఆశ్చర్యం. తిరిగి వచ్చాక చెప్పాలనుకుంది. చెబితే ఏమవుతుంది, ట్యాంకరు వచ్చేసింది కదా, ఇప్పుడు చెప్పి ఎవరికి మేలు, అనుకుంది. ఆ వాగులోకి వదిలేవాళ్లలో తన కంపెనీ కూడా ఉందని ఆమెకు అప్పుడు తెలుసు. ఎనభై తొమ్మిదిలో తెలుసా? ఈ ప్రశ్న దగ్గర ముప్ఫై మూడేళ్లుగా ఆగుతోంది. నమూనా ఎలా తేవాలో కనుక్కోవాలని తోచకపోవడం కేవలం తోచకపోవడమేనా, లేక తోచనివ్వకపోవడమా? ఆధారం లేదు. తన మనసులోని సంగతికి తనదగ్గరే ఆధారం లేదు.

విమానం ఒక పక్కకు ఒరిగింది. శ్రావ్య, "అదిగో ఆంటీ, గుట్టలు మొదలయ్యాయి," అంది. ఎర్రమట్టి, గుండ్రటి బండరాళ్లు, ఎండిన చెరువుల తెల్లటి అంచులు. నలభై రెండు నిమిషాలు గడిచాయి. సాదుల్లా రెండువేల మూడులో పోయాడు, అతనికీ మూత్రపిండాలే. బీడీలు తాగేవాడు, బీపీ ఉండేది. ఒకే కారణమని గీత గీయడానికి ఎవరూ సాహసించరు. అంతకు ఏడేళ్ల ముందే, రెండెకరాలు గోదాముల వాళ్లకు అమ్మి పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకునేటప్పుడు పక్క ప్లాటు నాగవల్లి చేత పట్టుబట్టి కొనిపించింది అక్తరీయే. మధ్య గోడ నడుమెత్తు చాలంది. "మరీ లేపకు, గిన్నె అందాలె." ఆ గోడ మీదుగా ఇరవై తొమ్మిదేళ్లు గిన్నెలు అటూ ఇటూ నడిచాయి. నాలుగేళ్ల కిందట అక్తరీకి డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు సంగారెడ్డిలో నాలుగేసి గంటలు. ఇజాజ్‌కు షిఫ్టు ఉన్న రోజున నాగవల్లి పక్కన కూర్చునేది. రెండేళ్ల కిందట ఒక రోజు, యంత్రం గిర్రున తిరుగుతుంటే, కళ్లు మూసుకునే అడిగింది.

"ఆపా, ఒకటి అడుగుత. గప్పుడు హార్లిక్స్ సీసల తెచ్చిన నీళ్లు... మంచియేనా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఎవరూ ఇవ్వరు. మనిషి కళ్లు మూసుకుని, చేయి చాపి పడుకుని, తానే తలుపు తెరిచింది. నాగవల్లి అంది: "నువ్వు తెచ్చిన సీసాలో నీళ్లు మంచివే అక్తరీ."

"అచ్ఛా," అంది అక్తరీ. అంతే.

ఎనభై తొమ్మిదిలోది పొరపాటు. పొరపాటుకు అజ్ఞానం అడ్డు నిలుస్తుంది. ఈ రెండోదానికి ఏదీ నిలవదు. అడిగినదానికి అక్షరాలా నిజం చెప్పి, అడగవలసినదాన్ని చేత్తో పక్కకు నెట్టింది. మళ్లీ ఈ మధ్యాహ్నం, ఆలోచించకుండానే, అలవాటు చొప్పున, కొడుకుకు కూడా అదే జవాబు. గంటా పది నిమిషాలు. దాని ఫలితంగా ఇప్పుడు ఎక్కడో కింద, తనకు కనబడని ఒక వాకిట్లో, పెద్దలు గడియారం చూసుకుంటున్నారు.

చక్రాలు నేలను గట్టిగా తాకాయి. బెల్టు విప్పవద్దన్నా చుట్టూ అందరూ లేచారు. నాగవల్లి ఫోన్ తెరిచింది. సిగ్నలు వచ్చేదాకా ఆ చిన్న గీతల వంక చూస్తూ ఉంది, తరువాత అతను ఎత్తేదాకా.

"ఇజాజ్, దిగాను. విను నాన్నా, నేను ఇందాక చెప్పింది విమానం ఒక్కదాని సంగతి. ఇంటికి వచ్చేసరికి మూడుంబావు దాటుతుంది. నా పొరపాటు. ఎండలో అమ్మను..."

"మాలూమ్ ఖాలా. అసర్ నమాజ్ అయినంక అని చెప్పేసిన. ఐదింటికి."

"ఎప్పుడు చెప్పావు?"

"గప్పుడే. శంషాబాద్ నుంచి మా ఫ్యాక్టరీకి మాల్ రావాలంటె ఎంతసేపైతదో నాకు తెల్వదా? ఢిల్లీ నుంచి వచ్చెటందుకు రెండు గంటలు, గీ రింగురోడ్డు దిగి వచ్చెటందుకు దినమంత పరేషాన్." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అమ్మీ అంటుండె గద, వల్లి ఆపాను ఒకటి అడిగితె ఒకటే చెప్తది, రెండోది మనమే ఎరుక జేసుకోవాలె అని. ఐస్ బాక్స్ తెచ్చినం, ఫికర్ లేదు. నిమ్మళంగ రా."

కారు రింగురోడ్డు ఎక్కింది. ఏసీ చల్లదనంలో చేతులు ఒళ్లో పెట్టుకుని నాగవల్లి ఆ వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. రెండోది మనమే ఎరుక జేసుకోవాలె. ఈ మాట ఎప్పటిది? నవ్వులాటకు అన్నదా? లేక యంత్రం పక్కన ఆ అచ్ఛా తరువాతదా? ఎరుక చేసుకుందా? చేసుకునే, తరువాత రెండేళ్లు గోడ మీదుగా గిన్నెలు అందించిందా? కొల్లూరు దాటింది, ముత్తంగి దగ్గర దిగింది, తవ్విన రోడ్డు పక్కన కంటైనర్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి, ముప్పావుగంట అక్కడే పోయింది. అద్దం దించకుండానే వాసన లోపలికి వచ్చింది. ఆ వాసనలో ఏయే ద్రావకాలున్నాయో ఆమె ఇప్పటికీ విడదీసి పేర్లు చెప్పగలదు. డ్రైవరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇక్కడ ఎట్లుంటరో మనుషులు," అన్నాడు. ఎలా ఉంటారో ఆమెకు తెలుసు. ఎవరో ఒకరు ఫరవాలేదని చెబుతారు. చదువుకున్నవాళ్లు చెప్పారు కదా అని ఉంటారు. అక్తరీ ఎరుక చేసుకుని ఉంటే క్షమించిందనుకోవడం సుఖంగా ఉంటుంది. కానీ అది మళ్లీ ఎదుటి మనిషి చేత తన పని చేయించుకోవడమే. అవతలివాళ్లు ఊహించుకున్నారు కాబట్టి తాను చెప్పినట్టు కాదు.

నాలుగుంబావుకు గేటు ముందు దిగింది. షామియానా కింద మగవాళ్లు లేచి దారి ఇచ్చారు. లోపల, "అక్క వచ్చింది, జెర జరుగుండ్రి," అని పాలు పోసే సంగమ్మ ఆడవాళ్లను పక్కకు తప్పించింది. స్నానం చేయించి, తెల్లటి బట్ట చుట్టి, ముఖం మాత్రం విడిచి పెట్టారు. ముఖం చిన్నదైపోయింది. ముక్కుపుడక తీసేసిన చోట చుక్కంత గుంట. యాస్మిన్ తలమీద కొంగు సర్దుకుంటూ లేచి, నాగవల్లి రెండు చేతులూ పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు పొడిబారి ఉన్నాయి. వచ్చిన ప్రతి మనిషినీ ఇంటివాళ్లు అడగవలసినది ఆమె కూడా అడిగింది.

"ఖాలా, అమ్మీ తరఫున అడుగుతున్న. ఎన్నడన్న ఏమన్న అనుంటె, నీ దిల్ నొప్పిచ్చుంటె, కహా సునా మాఫ్ చెయ్యి. అన్నది విన్నది అంత మాఫ్ చెయ్యి."

దానికి జవాబు ఒక్క మాట. అందరూ ఆ మాట చెప్పి, ఒకసారి ముఖం చూసి, పక్కకు జరుగుతున్నారు.

"మాఫ్," అంది నాగవల్లి. చేతులు వదలలేదు. బయట చెప్పుల చప్పుడు, గుమ్మం దగ్గర ఇజాజ్ దగ్గు. "యాస్మిన్, నువ్వు అడిగినదానికి చెప్పాను. నువ్వు అడగనిది ఇంకొకటి ఉంది. మాఫీ అడగవలసింది మీరు కాదమ్మా, నేను. మీ బావి నీళ్ల సంగతి. మీ అమ్మ అడిగినప్పుడు నేను..."

యాస్మిన్ ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో, ఎంత తెలుసో, ఏమీ తెలియదో, నాగవల్లి తేల్చుకోలేకపోయింది. చేతులు విడిపించుకుంది.

"నాకెందుకు చెప్తవ్ ఖాలా? మొకం ఇంక మూయలే. ఆమెకే చెప్పు." గుమ్మం వైపు తిరిగి గొంతు పెంచింది. "భాయ్, జెర ఆగుండ్రి. ఖాలా మాట్లాడాలె."

చెప్పుల చప్పుడు ఆగింది. నాగవల్లి గోడ పట్టుకుని, ఒక మోకాలు, తరువాత ఇంకొకటి, గచ్చు మీద మోపి కూర్చుంది. చెవి దగ్గరికి వంగింది.

"అక్తరీ," అంది, "నువ్వు సీసా తెచ్చింది మంగళవారం. నేను మూత తీసింది శుక్రవారం."